ఉత్త చేతుల నడక

ఆ రోజుల్లో మా వైపు ఆడమనిషి రోడ్డెక్కిందంటే ఆమె చేతిలోనో నెత్తినో ఏదో ఒకటి ఉండి తీరాలి. బిందె, గంప, కొడవలి, కట్టెలమోపు, చంకన బిడ్డ, కనీసం కొంగున కట్టుకున్న మందు చీటీ అయినా ఉండాలి. ఏమీ లేకుండా ఉత్త చేతులు ఊపుకుంటూ వడివడిగా పోతోందంటే రెండే అర్థాలు. ఎవరైనా పోయి ఉండాలి, లేకపోతే మొగుడితో పోట్లాడి పుట్టింటికి పోతూ ఉండాలి. ఇప్పుడు నేనుంటున్న ముత్తుకూరు రోడ్డు మీద పొద్దున్నే చూస్తే ఆడా మగా బూట్లు వేసుకుని, చెవుల్లో ఏవో పెట్టుకుని, ఎవరూ పోకుండానే, ఎవరితోనూ పోట్లాడకుండానే నడుస్తున్నారు. పోర్టులో పనిచేసే పిల్లలు కొందరు డబ్బు కట్టి మరీ ఒక గదిలో కదిలే పట్టీ మీద నడుస్తారట. (డబ్బు కట్టి నడవడం ఒక విడ్డూరమైతే, అంత నడిచీ ఎక్కడికీ చేరకపోవడం ఇంకో విడ్డూరం.) అయినా వాళ్ళను నేను వెక్కిరించను. అప్పట్లో నేనున్న ఊళ్ళో ఆరోగ్యం కోసమని నడిచిన మొదటి ఆడదాన్ని బహుశా నేనే. ఆ నడకతో ఊరి రొయ్యల గుంటలను ఒక్క పూటలో తలకిందులు చేసినదాన్నీ నేనే.

నేను బళ్ళో చదివింది మూడో తరగతి. ఏడో ఎక్కం సగం నోటికి వచ్చి సగం రాకముందే మా నాయన బడి మాన్పించి నాట్లకు పంపాడు. పెళ్ళయి అల్లూరు పక్కన ఒక ఊరికి వచ్చాను. వచ్చిన కొత్తలో వాకిట్లో నిలబడి చూస్తే కనుచూపు మేర వరి. బిడ్డలు పుట్టి నడక నేర్చేసరికి ఆ వరిలో సగం రొయ్యల గుంటలైపోయింది. గుంటల వెనకాలే రొయ్యల షెడ్డు వచ్చింది. రొయ్యకు తల తీసి, పొట్టు వలిచి, ఐసు వేసి లారీకెక్కించే పని. పొడుగాటి బల్లల దగ్గర వరసగా నిలబడి తడిలో వలుస్తూ ఉంటే వేళ్ళు మొద్దుబారి, ఇంటికి పోయి అన్నం కలిపితే అది వేడిగా ఉందో చల్లగా ఉందో తెలిసేది కాదు. ఆ షెడ్డులో చేరిన కొన్నాళ్ళకే నన్ను మేస్త్రిని చేశారు. పెద్ద తెలివి ఉందని కాదు. అందరూ వలిచి పారేసిన తలకాయల కుప్పలో కండ ఏమైనా మిగిలిపోయిందేమోనని మధ్యాహ్నం అన్నం మానుకుని వెతుకుతూ కూర్చున్నాను. అది షెడ్డు యజమాని కంట పడింది. ఈ మనిషి ఉంటే తన సొమ్ము పైసా పక్కకు పోదనుకున్నాడు. మా వంశంలో ఎవరికీ కూలి అనే మాట తప్ప ఇంకో పేరు లేదు. నన్ను మాత్రం 'మేస్త్రమ్మా' అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు విన్న మొదటి రోజు ఎవరో వేరే మనిషిని పిలుస్తున్నారేమో అని వెనక్కి తిరిగి చూశాను.

పేరు బాగానే ఉంది, దానితో పాటు వచ్చినదే బాగాలేదు. అంతకుముందు నా బల్ల, నా రొయ్య, నా వేళ్ళు. మేస్త్రినయ్యాక అందరి బల్లలూ నావే. ఐసు కరిగితే నాదే తప్పు. లారీ ఆలస్యమైతే నాదే తప్పు. గేటు దగ్గర లారీ హారను మోగితే చేతిలో పని వదిలి కంగారుగా పరిగెత్తేదాన్ని. ఆ కంగారంతా తెచ్చి ఆడవాళ్ళ మీద చూపించేదాన్ని. నవ్వితే అరిచేదాన్ని, నీళ్ళు తాగడానికి పోతే అరిచేదాన్ని. పాటలామె అని ఒకామె ఉండేది. వలిచేటప్పుడు కూనిరాగం తీయకపోతే ఆమె చెయ్యి ఆడదు. ఆమెను బల్ల మార్చి బల్ల మార్చి చివరికి గోడ పక్కన ఒంటరిగా నిలబెట్టాను. ఆమె గోడకు పాడుకుంది. ఇంటికొచ్చినా షెడ్డు నన్ను వదిలేది కాదు. నిద్రలో పళ్ళు పటపట కొరికి 'ఐసు, ఐసు' అని అరిచేదాన్నట. మా అత్త తన మంచాన్ని మా పక్క నుంచి వసారాలోకి మార్చుకుంది. "రాత్రి పూట గూడా లారీ ఎక్కిస్తుంటే ఇంగ నేను యాడ పడుకునేది" అంది.

ఒక రోజు యజమాని నన్ను ఐసు కొట్టే మిషను పక్కకు పిలిచాడు. మంచి మనిషే, గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. అందుకే ఆయన మాటంటే ఎక్కువ భయం.

"అమ్మా, నిక్కచ్చి మనిషివని నిన్ను మేస్త్రిని చేసినాను. అరవమని గాదు. నీ నోటికి తట్టుకోలేక మంచి చెయ్యి ఉండే ఆడోళ్ళు పక్క షెడ్డుకి పోతుండారు. దసరా దాకా చూస్తా. నీ తల ఒక దారికి తెచ్చుకున్నావా, సరే. లేదంటే మళ్ళా బల్ల కాడికి పోతువు గాని."

మళ్ళీ బల్ల దగ్గరికి. నేను గోడ పక్కన నిలబెట్టిన పాటలామె పక్కనే నాకు చోటు దొరుకుతుంది కాబోలు. ఆ రాత్రి పళ్ళు కొరకలేదు, అసలు నిద్రే పోలేదు.

మరునాడు ఊళ్ళో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. అక్కడ ఒక నర్సమ్మ ఉండేది. సన్నగా, నల్లగా, చీరకు పిన్నీసు గట్టిగా పెట్టుకుని, ఎవరు వచ్చినా ముందు చేతులు చూసేది. పళ్ళు కొరకడం గురించీ నిద్ర గురించీ చెప్పి బలం సూది వేయమన్నాను. (ఉచితంగా వేస్తారు కదా, ఒకటి వేయించుకుంటే పోలా అని నా లెక్క.) ఆమె నాడి చూసింది, కళ్ళు చూసింది, నా దవడ మీద వేలు పెట్టి నొక్కింది. అక్కడ రాయిలా ఉందట.

"సూది వద్దు. రోజూ పొద్దున్నే నడువు" అంది.

"నడవకుండా యాడ ఉండాను నర్సమ్మా. షెడ్డంతా తిరిగేది నేనేగా."

"అది పని. నడక వేరే. గంట సేపు వడిగా నడవాల. చేతిలో ఏం పట్టుకోకూడదు, నెత్తిన ఏం పెట్టుకోకూడదు. షెడ్డు సంగతి తలుచుకోకూడదు."

"ఉత్త చేతులతోనా?"

"ఉత్త చేతులతోనే."

"ఎన్నాళ్ళు?"

"అన్నం ఎన్నాళ్ళు తింటావు?" అంది. ఇంకొకరిని పిలిచింది.

నాకు రోషం వచ్చింది. ఇంత చెప్పుకున్నందుకు ఒక మాత్రయినా ఇయ్యలేదే అనుకున్నాను. కానీ ఇంటికి నడుస్తూ ఆలోచిస్తే (ఆ నడక లెక్కలోకి రాదు, చేతిలో కరివేపాకు ఉంది) ఈ వైద్యానికి పైసా ఖర్చు లేదు కదా అని తోచింది. ఖర్చు లేని మందు మీద నాకు నమ్మకం తక్కువ. ఖర్చు లేనిదాన్ని వదులుకోవడం అంతకన్నా చేతకాదు.

మొదటి రోజు తెల్లగా తెలవారుతుండగా అల్లూరు రోడ్డెక్కాను. రెండు చేతులూ ఖాళీ. నాకే ఏదో మరిచిపోయి వచ్చినట్టు ఉంది. వీధి చివర పళ్ళు తోముకుంటున్న పెద్దామె ముందుగా చూసింది. "యాడికమ్మే, ఎవురికేమైంది?" అంది. ఏం కాలేదన్నాను. ఏం కాకపోతే ఆ వడి ఏంది అంది. జవాబు దొరకక ఇంకా వడిగా నడిచాను. అదే తప్పయింది. ఆమె పుల్ల నోట్లోనే పెట్టుకుని నా వెనక బయలుదేరింది. టీ అంగడి దగ్గర ఇంకో ఇద్దరు లేచారు. వంతెన దగ్గరికి వచ్చేసరికి నా వెనక ఒక చిన్న ఊరేగింపు. అందరూ మెల్లగా మాట్లాడుకుంటున్నారు, పోయినవాళ్ళ ఇంటికి పోయేటప్పుడు మాట్లాడుకున్నట్టు. ఇంతలో ఎవరో ఇంటికి కబురు పంపారు. మా ఇంటాయన సైకిలు మీద రొప్పుతూ వచ్చి నా ముందు ఆపాడు. చొక్కా తిరగేసి వేసుకున్నాడు.

"నేనేమన్నానని పుట్టింటికి పోతుండావు?" అన్నాడు. అందరి ముందూ గొంతు తగ్గించి, "పులుసులో ఉప్పు ఎక్కువైందన్నందుకేనా?" అని కూడా అన్నాడు.

"పుట్టింటికి గాదు. నడుస్తుండా."

"నడుస్తుండావులే, కనపడతానే ఉండాది. యాడికి?"

ఎక్కడికీ కాదంటే నమ్మే మొహం ఒక్కటీ కనపడలేదు. సైకిలు వెనక కూర్చుని ఇంటికి వచ్చాను. ఆ వారమంతా మా ఇంట్లో పులుసు గురించి ఎవరూ మాట్లాడలేదు. అదొక్కటే ఆ నడక వల్ల కలిగిన లాభం.

తర్వాత ఒక బిందె చంకన పెట్టుకుని బయలుదేరాను. బిందె ఉంటే ఎవరూ అడగరు. నిజంగానే అడగలేదు. కానీ ఖాళీ బిందెతో బోరింగు దాటి పోతుంటే "మేస్త్రమ్మా, బోరింగు ఇక్కడే ఉండాది" అని పిలిచారు. నీళ్ళు పట్టుకుని ఇంటికి రావాల్సి వచ్చింది. మా అత్తకు అది బాగా నచ్చింది. ఇంకో బిందె కూడా పట్టుకుపొమ్మంది. నర్సమ్మకు ఈ సంగతి చెబితే, "అది నడక గాదు, నీళ్ళు మోయడం. మళ్ళీ మొదటికి రా" అంది.

అప్పుడు గుంటల కట్టలు గుర్తొచ్చాయి. ఊరి వెనక వరసగా రొయ్యల గుంటలు. వాటి మధ్య వెడల్పాటి మట్టి కట్టలు. పొద్దున్నే అక్కడ వీధి లేదు, టీ అంగడి లేదు, పళ్ళు తోముకునే పెద్దామె లేదు. మేత వేసేవాళ్ళు కూడా కాస్త పొద్దెక్కాకే వస్తారు. షెడ్డు గురించి తలుచుకోవద్దంది కదా నర్సమ్మ, దానికి ఒక ఉపాయం కనిపెట్టాను. నాకు వచ్చిన చదువంతా బయటికి తీశాను. రెండో ఎక్కం నుంచి మొదలుపెట్టి పైకి చదువుకుంటూ నడిచేదాన్ని. నోరు ఎక్కాల్లో ఉంటే తలలోకి లారీ రాదు. అడుగుకొక మాట పడేది. రెండు రెండ్లు నాలుగు, రెండు మూళ్ళు ఆరు. ఏడో ఎక్కం దాకా వచ్చేసరికి ఆ వరసలో చివరి గుంట మూల మీద ఉండేదాన్ని. అక్కడ ఏడు ఎనిముదుల దగ్గర ప్రతిరోజూ ఆగిపోయేదాన్ని. ఆ చదువు సగంలోనే ఆగింది కదా. నిలబడి, నీళ్ళ వంక చూస్తూ, నాలుక చప్పరించి, తల అడ్డంగా ఊపి, రాదులే అనుకుని వెనక్కి తిరిగేదాన్ని.

ఆ కొద్ది రోజులు ఎంత బాగున్నాయో ఇప్పుడు చెప్పాలన్నా మాటలు చాలవు. సముద్రం వైపు నుంచి ఉప్పు గాలి వచ్చి చెమట ఆరబెట్టేది. కొంగలు నన్ను చూసి మొదట్లో లేచిపోయేవి, తర్వాత లేవడం మానుకున్నాయి. బిడ్డను మోయకుండా, బిందె మోయకుండా, గంప మోయకుండా నా రెండు చేతులు అటూ ఇటూ ఊగుతుంటే అవి నా చేతుల్లా ఉండేవి కావు. ఇంత తేలికగా ఉంటాయా అనిపించేది. ఇంటికి వచ్చేసరికి ఆకలి వేసేది. రాత్రి పడుకుంటే తెల్లవారేది. మా అత్త మంచం మళ్ళీ లోపలికి తెచ్చుకుంది. షెడ్డులో లారీ హారను మోగితే కంగారు పుట్టేది గానీ, దాన్ని ఆడవాళ్ళ మీద విసిరేలోపు ఒక ఊపిరి తీసుకునే వ్యవధి దొరికేది. దసరా ఇంకా దూరం ఉంది. గట్టెక్కుతాననుకున్నాను.

ఇక్కడ గుంటల సంగతి ఒకటి చెప్పాలి. రొయ్యకు నీళ్ళలో గాలి చాలకపోతే తెల్లవారుజామున పైకి తేలుతుంది. చూసుకోకపోతే పొద్దెక్కేసరికి గుంట గుంటంతా పోతుంది. అందుకని తెల్లవారుజామున ఎవరైనా కట్ట మీద వడివడిగా తిరుగుతూ నీళ్ళలోకి చూస్తున్నారంటే ఆ గుంటకు ఏదో ముంచుకొచ్చిందని అర్థం. అది నాకు తెలియదా, బాగా తెలుసు. కానీ నేను నడుస్తున్నది ఆరోగ్యానికి కదా, ఆ రెంటికీ ముడి పెట్టుకోవాలని తోచలేదు. తోచినవాడు వేరే ఉన్నాడు. కాపలా మామ అని ముసలాయన, గుంటల మధ్య గుడిసెలో దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు. ఆయన నన్ను రోజూ చూస్తున్నాడు. పలకరించలేదు. షెడ్డు మేస్త్రమ్మ పొద్దున్నే వచ్చి గుంట గుంటకూ పోయి ఏవో లెక్కలు కడుతోందంటే ఊరికే కడుతుందా. షెడ్డు వాళ్ళకు పైనుంచి ఏదో కబురు వచ్చుండాలి. రోగమో, ధర పడిపోవడమో. అదీగాక చివరి గుంట దగ్గర రోజూ నిలబడి, నాలుక చప్పరించి, తల అడ్డంగా ఊపి పోతోంది. ఇదీ ఆయన ఆలోచన.

ఆ చివరి గుంట మా ఇంటాయనకు అన్న వరస అయ్యే ఆయనది. నేను బావ అనేదాన్ని. ఊరంతా తొందర బావ అనేది. బస్సు ఆగకముందే దిగే మనిషి. కాపలా మామ చెప్పిన మాట ఆయన చెవిన పడటమే ఆలస్యం, వలలు తెప్పించి గుంట పట్టేశాడు, అంటే ఉన్న రొయ్యనంతా బయటికి తీసేశాడు. రొయ్య ఇంకా ఎదగాల్సి ఉంది. ఎదిగేదాకా ఆగితే కదా ఆయన తొందర బావ కాకుండా పోయేది. ఆయన వలలు వేయడం చూసి పక్క గుంట ఆయన కూడా వేశాడు. ఆయన్ను చూసి ఆ పక్కాయన. ఎవరికీ కారణం తెలియదు. కారణం తెలియకపోవడమే ఎక్కువ భయం.

ఆ పూట నేను షెడ్డుకు ఎంతో హాయిగా పోయాను. పెద్ద పనేమీ లేని రోజు. ఆడవాళ్ళను కాస్త త్వరగా ఇంటికి పంపిద్దామని కూడా అనుకున్నాను. (ఆ మాట పైకి అనలేదు, అది నా అదృష్టం.) పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి గేటు దగ్గర ఒక ట్రాక్టరు. దాని వెనక ఆటో. ఆటో వెనక మళ్ళీ ట్రాక్టరు. టబ్బుల నిండా చిన్న చిన్న రొయ్య. "ఇయాళ పట్టుబడి ఉండాదని ఎవురూ చెప్పలేదే" అని యజమాని గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఐసు చాలలేదు. బల్లలు చాలలేదు. ఇంటి దగ్గర పడుకున్న ఆడవాళ్ళను లేపి తెచ్చారు. నేనూ బల్ల దగ్గర నిలబడి వలిచాను. పని భారం దించుకోవడానికి నేను పొద్దున్నే నడిస్తే, ఆ నడకే ఊళ్ళో ఉన్న పనంతా మూటగట్టి మధ్యాహ్నానికి నా నెత్తిన పెట్టింది. అప్పటికి నాకు ఆ సంగతి తెలియదు. ఎవరికి పోయేకాలం వచ్చి ఇట్లా ఎదగని రొయ్య పట్టించారో అని వాళ్ళను మనసులో తిట్టుకుంటూ వలుస్తున్నాను.

సాయంత్రానికి అందరూ షెడ్డు ముందు పోగయ్యారు. పట్టినవాళ్ళు, పట్టాలా వద్దా అని వలలు చేతిలో పట్టుకున్నవాళ్ళు. రోగమేంది, ధర సంగతేంది అని యజమానిని నిలదీశారు. నాకేం తెలుసునని ఆయన. ఎవురు చెప్తే పట్టినారు అని ఆయన అడిగితే అందరూ తొందర బావ వంక చూశారు. తొందర బావ నా వంక చూశాడు.

"మీ మేస్త్రమ్మే గదా" అన్నాడు. "పొద్దుగాల గుంటలన్నీ చూసి, లెక్క గట్టి, నా గుంట కాడ తల ఊపి పోతా ఉంటే నేనేం జేసేది?"

"నేను కళ్ళారా చూసినా, చెవులారా విన్నా" అన్నాడు కాపలా మామ.

యజమాని నా వైపు తిరిగాడు. రైతుకు షెడ్డు మీద నమ్మకం పోతే షెడ్డు మూసుకోవాల్సిందే. దసరా దాకా అక్కర్లేదని ఆ మొహంలో కనపడింది. 

"ఏం చేస్తుండావమ్మా గుంటల కాడ?" అన్నాడు.

"నడుస్తుండా సామీ."

"ఎందుకు?"

"ఊరికే. ఒంటికి మంచిదని."

ఎవరూ నవ్వలేదు. అబద్ధం ఇంత చేతగాకుండా చెబుతుందేంది అన్నట్టు చూశారు. నర్సమ్మ చెప్పిందన్నాను. నిద్ర పట్టడం లేదన్నాను. పళ్ళు కొరుకుతున్నానని కూడా చెప్పాను. అంతమంది మగవాళ్ళ ముందు అది చెప్పడం ఎంత నామోషీనో.

"మరి లెక్కలేంది?" అన్నాడు కాపలా మామ వదలకుండా.

"ఎక్కాలు."

"ఎట్ట నడిచినావో ఒకసారి నడువు చూద్దాం" అన్నాడు యజమాని.

షెడ్డు ముందర ఖాళీ స్థలంలో, ఊరంతా చూస్తుండగా, చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, ఐసు మిషను దగ్గర నుంచి గేటు దాకా, గేటు నుంచి ఐసు మిషను దాకా నడిచాను. రెండో ఎక్కం నోట్లోనే అయిపోయింది. మూడోది కాస్త వినపడింది. నాలుగు, ఐదు అయ్యేసరికి కాళ్ళు వాటి పని అవి చూసుకున్నాయి, మనుషులు కనపడటం తగ్గింది. ఏడో ఎక్కం ఎత్తుకున్నాను. ఏడు ఆర్లు నలభై రెండు. ఏడు ఏళ్ళు నలభై తొమ్మిది. ఏడు ఎనిముదులు... ఆగాను. ఎంత ఆపదలో ఉన్నా రానిది రాదు. నాలుక చప్పరించి, తల అడ్డంగా ఊపాను.

"అదే. అదే తల ఊపడం" అన్నాడు కాపలా మామ మెల్లగా.

తొందర బావ తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"యాభై ఆరు, అమ్మే" అన్నాడు. "యాభై ఆరు. దానికి నా గుంట పట్టించినావు."

అప్పుడు మొదలైన నవ్వు గేటు దాకా పోయింది. అయితే నవ్వు వేరు, ఉద్యోగం వేరు. యజమాని మాత్రం నవ్వలేదు. ఎదగని రొయ్య టబ్బుల వంకా నా వంకా చూస్తున్నాడు. ఏదో అనబోతున్నాడు, అది ఏమిటో నాకు తెలుసు. ఇంతలో వెనక నుంచి పాటలామె వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ, ఎప్పుడూ ఆయన ముందు నోరు తెరవని మనిషి.

"సామీ, ఒక మాట. మేస్త్రమ్మ నడవకముందు మేం షెడ్డుకి వచ్చేటప్పుడు కడుపులో భయం పెట్టుకుని వస్తా ఉంటిమి. ఈమధ్య ఆ భయం ల్యా. మొన్న నేను పాడతా ఉంటే ఊరుకునింది."

"ఈమె ఊరుకునిందా?"

"ఊరుకోవడమే గాదు సామీ, తల గూడా ఊపింది."

"తల ఊపిందా" అన్నాడు తొందర బావ. "అయితే నీ పాట గూడా ఇయాళే పట్టేయాల."

ఈసారి యజమాని కూడా నవ్వాడు. నవ్వి, గేటు వైపు చూస్తూ చెప్పాడు. "గుంటల కాడికి మాత్రం పోబాకమ్మా. రోడ్డు మీద నడువు. అందరూ చూసేటట్టు నడువు. నువ్వు నడిచేది ఎందుకో ఊరికి తెలిస్తే నాకు ఈ టబ్బులు రావు."

మేస్త్రి పని నిలిచింది. నేను నోటికొచ్చినట్టు అరిచి గోడ పక్కన నిలబెట్టిన మనిషే నిలబెట్టింది. మరునాడు ఆమె బల్లను మధ్యలోకి మార్పించాను. (గాలి బాగా వస్తుందని కారణం చెప్పాను. అది కూడా కొంత నిజమే.)

అందరూ చూసేటట్టు నడవడం ఎంత కష్టమో గుంటల దగ్గర దాక్కుని నడిచినప్పుడు తెలియలేదు. పళ్ళు తోముకునే పెద్దామె "యాడికి" అనేది. మొదట్లో ఏదో పని ఉందనేదాన్ని. తర్వాత నవ్వేసేదాన్ని. ఊరికి అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది, నాకు అలవాటు కావడానికి ఇంకా ఎక్కువ పట్టింది. పని తగ్గలేదు. లారీ హారను ఆగలేదు. ఐసు కరగడం మానలేదు. కాకపోతే షెడ్డును షెడ్డులోనే వదిలి ఇంటికి రావడం వచ్చింది. ఏ రోజైనా వానకో చలికో నడవకుండా పోతే ఆడవాళ్ళు నా మొహం చూసి కనిపెట్టేవాళ్ళు. "మేస్త్రమ్మా, నువ్వు అట్ట ఒక చుట్టు పోయిరా తల్లీ, లారీ సంగతి మేం చూసుకుంటాం" అని గేటు దాకా సాగనంపేవాళ్ళు. నా ఆరోగ్యం మీద నాకన్నా వాళ్ళకే శ్రద్ధ ఎక్కువ.

తొందర బావ కథ మాత్రం అక్కడితో అయిపోలేదు. ఆ ఏడు వానలు పడ్డాక గుంటలకు నిజంగానే రోగం వచ్చింది. పట్టకుండా ఆగినవాళ్ళు చాలా నష్టపోయారు. ఆ ఇళ్ళలో ఆ ఏడు పండగ లేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు ఆగిపోతుంది. తొందర బావ గుంట అప్పటికే ఎండగట్టి ఉంది. ఇక ఆయనకు ఎవరు చెప్పగలరు. నేను ప్రమాణం చేసి చెప్పినా, నర్సమ్మ చేత చెప్పించినా, నాకు ముందే తెలుసుననీ బయటికి చెప్పకుండా ఎక్కాల మాటున చెప్పాననీ ఆయన నమ్మకం. ప్రతి పంటకూ మా వాకిట్లోకి వచ్చి, అటూ ఇటూ చూసి, "అమ్మే, ఏడో ఎక్కం ఎంత దాకా వచ్చింది?" అని అడిగేవాడు. అన్నీ వచ్చేశాయి బావా, ఆగడం లేదంటే నిశ్చింతగా పోయేవాడు. చనిపోయేదాకా అట్లాగే అడిగాడు.

ఇప్పుడు నేను ముత్తుకూరులో కూతురి దగ్గర ఉంటున్నాను. మనవరాలిది పోర్టు ఆఫీసులో కంప్యూటరు ముందు పని. కంపెనీ బస్సు దిగి వచ్చేసరికి దాని భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి. అన్నం తింటూ ఫోను, పడుకుని ఫోను. పలకరిస్తే కొరికినట్టు జవాబిస్తుంది. దవడ మీద వేలు పెట్టి నొక్కి చూడాలనిపించింది. చూడకుండానే తెలుసు, రాయి. నేను చెప్పులు వేసుకున్నాను.

"రా, పోయొద్దాం."

"యాడికి అవ్వా?"

"యాడికీ లేదు."

నా మొహంలోకి చూసి, ఏమనుకుందో, లేచింది. గేటు దాటాక నా చేతిలో సంచి చూసింది. ఏదైనా దొరికితే వేసుకోవచ్చని, దోవలో ఎండు పుల్లలున్నా, రాలిన మునక్కాయలున్నా వదలడం నా వల్ల కాదు. అది సంచి లాక్కుని గేటుకు తగిలించింది. "ఉత్త చేతులని కత చెప్పింది నువ్వే గదా" అంది. నిజమే, నేనే చెప్పాను. ఇంత వయసొచ్చినా నా చేతులకు ఖాళీగా ఉండటం ఇంకా పూర్తిగా రాలేదు.

రోజూ పోతున్నాం. అది ఆఫీసు గురించి మొదలుపెడితే నేను రెండో ఎక్కం ఎత్తుకుంటాను. నవ్వి అదీ కలుస్తుంది. మొన్న స్కూటరు మీద పోతున్న తెలిసినాయన ఆపి, "పెద్దమ్మా, ఇద్దరూ కలిసి యాడికి, ఎవురికన్నా బాగలేదా?" అన్నాడు. బాగానే ఉండాం అబయా, నడుస్తుండాం అన్నాను. ఆ మాట అంత తేలికగా నా నోట్లోంచి రావడం చూసి నాకే ఆశ్చర్యం. ఒకప్పుడు అది దొరకక ఊరేగింపును వెంటేసుకుని వంతెన దాకా పోయినదాన్ని.

ఏడు ఎనిముదులు యాభై ఆరని ఇప్పుడు నాకు బాగా తెలుసు. అయినా అక్కడికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగుతాను. నాలుక చప్పరించి, తల అడ్డంగా ఊపుతాను. ఎందుకు అవ్వా అక్కడే ఆగుతావని మనవరాలు అడుగుతుంది. ఊరికే అంటాను. రోడ్డు పక్కన గుంట ఏదైనా ఉందేమో మాత్రం ముందు చూసుకుంటాను.